దగ్గమన్న రాత్రి

స్తంభం మీంచి పడ్డప్పుడు
సుయున్‌బెక్ చేతిలో ఇంకా పటకారు ఉంది.
తీగ కలిపాకే జారాడు,
వాళ్ళమ్మ వంటింట్లో బల్బు వెలిగాకే అరుపు వినిపించింది.
మధ్యాహ్నం రెండుంబావు. రాసుకున్నాను.
ఫెల్డ్‌షర్ కొలువులో ఇరవై ఏళ్ళు,
గడియారం చూడటం ఒంటికి పట్టిన జబ్బు.

కుడివైపు నాలుగు పక్కటెముకలు, ఒక తొడ ఎముక.
కడుపునిండా తిని ఎక్కాడట, పడగానే కక్కుకున్నాడు.
కక్కినదంతా బయటికే వచ్చిందా,
కొంత లోపలి దారి పట్టిందా,
ఎవరు చెప్తారు?

మా బండిని రొట్టె అంటారు,
అచ్చం రొట్టె దిమ్మలాగే ఉంటుంది మరి.
వెనక తలుపు తాడుతో కట్టి, కాదిర్ బిస్మిల్లా అన్నాడు.
జిల్లా ఆసుపత్రి నూట నలభై కిలోమీటర్లు.
మంచి రోజైతే నాలుగు గంటలు.

కారా-బెల్ కనుమలో మంచు జారి పడింది.
బుల్డోజర్ అవతలి వైపుంది.
దాన్ని నడిపేవాడు తమ్ముడి పెళ్ళిలో ఉన్నాడు.
హెలికాప్టర్ అడిగితే వాతావరణం బాగాలేదన్నారు,
తర్వాత సంతకం పెట్టేవాళ్ళు లేరన్నారు,
ఆ తర్వాత నా ఫోన్‌లో చార్జింగ్ లేదు.

నెత్తురు కారే గాయమైతే జనం పరిగెడతారు,
ఎర్రగా కనిపిస్తుంది కదా.
ఇది గోడలో చెమ్మ లాంటిది,
సున్నం పెచ్చులూడేదాకా ఎవరికీ పట్టదు.
నొప్పికి జడిసి మనిషి
గాలిని చిన్న చిన్న గుటకలుగా తాగుతాడు.
ఊపిరి అందని అడుగున
కఫం నిలవనీరవుతుంది.
నిలవనీటిలో ఏం పుడతాయో
గొర్రెలు కాసే పిల్లాడికీ తెలుసు.

అందుకే దగ్గమన్నాను.
"దగ్గితే చచ్చిపోతానక్కా."
"దగ్గకపోతేనే."
కాదిర్ తను కూర్చునే కంబళి చుట్టచుట్టి ఇచ్చాడు,
గుర్రపు చెమట, డీజిల్ కలిసిన వాసన.
విరిగిన పక్కకు దాన్ని అదిమిపట్టి
గంటకు పదిసార్లు.
తొమ్మిదింటికి బూతులు తిట్టాడు.
పదకొండింటికి మా అమ్మనీ కలిపాడు.
మంచిదే, తిట్టడానికి గాలి కావాలి.
రెండింటికి తిట్టలేదు.
సిలిండర్ ముల్లు సున్నా మీద వాలి పడుకుంది.
అప్పుడేసింది భయం.
కంబళి మీద నా చెయ్యా, అతని పక్కా
ఏది వణుకుతోందో తెలియలేదు.

తెల్లవారుజామున బుల్డోజర్ వచ్చింది.
పెళ్ళికోటు మీదే వచ్చాడతను,
జేబులోంచి ఎర్ర రిబ్బన్ వేలాడుతోంది.
బతికున్నాడా అని అడగలేకపోయాడు,
ఆ మాట చుట్టూ తిరిగి
టీ ఉందా అని అడిగాడు.

ఆసుపత్రి గడప తొక్కింది ఏడూ నలభైకి.
ఫారంలో చేరిన సమయానికి గడి ఉంది,
ఆగిన సమయానికి లేదు.
అంచున రాశాను: పదిహేడు గంటల ఇరవై ఐదు నిమిషాలు.
ఆ అంచు మీదే ఎవరో స్టాంపు కొట్టారు.
చిన్న డాక్టరు ఐజిరెక్ వీపుకు స్టెతస్కోపు ఆనించి
ప్రస్తుతానికి బాగానే ఉన్నాయంది.
ప్రస్తుతానికి అన్న మాట
ఊరు చేరేదాకా నా చెవిలో రాయిలా కదిలింది.

మూడో రోజు పురిటి కేసుతో మళ్ళీ వెళ్ళాను.
దారి శుభ్రంగా ఉంది, నాలుగు గంటల పది నిమిషాలు.
ఆ సులువుకి ఒళ్ళు మండింది.
సుయున్‌బెక్‌కి ముప్పై తొమ్మిది జ్వరం,
గిన్నెలో తుప్పురంగు కఫం.
మంచానికి వేలాడే కాగితం మీద
ఆసుపత్రిలో సోకిన న్యుమోనియా అని రాసి ఉంది.
ఇక్కడ కాదమ్మా, కనుమలో, అన్నాను.
ఐజిరెక్ పెన్ను ఎత్తింది, కాసేపు గాల్లోనే ఉంచింది.
"కనుమకి కోడ్ లేదక్కా."

కంబళి చుట్ట ఇంకా అతని పక్కలోనే ఉంది.
ఎవరూ తీయనివ్వలేదట.
నన్ను చూసి దాన్ని పక్కకు అదుముకున్నాడు,
కళ్ళు మూసుకుని దగ్గాడు.
ఒకటి.
రెండు.
కింద కాదిర్ హారన్ కొడుతున్నాడు,
ఊళ్ళో మరో బండి లేదు.
మూడు.